ఊపిరి గుట్టు విప్పిన హాల్డేన్

పదో తరగతి జీవశాస్త్రంలో శ్వాసక్రియ పాఠం చదవనివారు మన హాస్టల్లో ఉండరు. ఊపిరితిత్తుల బొమ్మ గీయడం, భాగాలు గుర్తించడం, పబ్లిక్ పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చుకోవడం, వేసవి సెలవులకల్లా మరిచిపోవడం. ఇదీ వరస. ఆ పాఠంలోని చాలా వాక్యాల వెనుక విషవాయువుల్ని తన ఒంటిమీదే పరీక్షించుకున్న ఒక మనిషి ఉన్నాడు. ఆయన పేరు జాన్ స్కాట్ హాల్డేన్. బొగ్గు బాయిలో పనిచేసే నాన్న, మురుగు కాలువలు శుభ్రం చేసే బాబాయి, బావుల్లో పూడిక తీసే మేనమామ ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు మనలో ఎందరో ఉన్నారు. అందుకే మన వార్షికోత్సవ సంచికకు ఈయన కథ రాయాలనిపించింది.

హాల్డేన్ 1860 మే నెలలో స్కాట్లండ్ దేశపు ఎడిన్‌బరో నగరంలో పుట్టాడు. కలిగిన కుటుంబం. అన్న రిచర్డ్ తర్వాతి రోజుల్లో బ్రిటన్‌లో యుద్ధ మంత్రి అయ్యాడు. మేనమామ జాన్ బర్డన్ శాండర్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త. 1884లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పుచ్చుకున్న హాల్డేన్ ఆస్పత్రి పెట్టుకుని ఉంటే హాయిగా సంపాదించుకునేవాడే. ఆయన ఆ దారి పట్టలేదు. డండీ పట్టణంలోని కాలేజీలో చిన్న ఉద్యోగంలో చేరాడు.

డండీ అంటే జనపనార మిల్లుల ఊరు. మన బెంగాల్‌లో పండిన జనపనార ఓడల మీద అక్కడికి వెళ్లి గోనెసంచులయ్యేది. మిల్లు కూలీలు ఒకే గది ఇళ్లల్లో ఏడెనిమిది మంది ఇరుక్కుని బతికేవారు. ప్రొఫెసర్ కార్నెలీ, మరో సహచరుడు ఆండర్సన్‌తో కలిసి హాల్డేన్ ఆ ఇళ్ల గాలిని పరీక్షించాలని బయలుదేరాడు. పగటిపూట పోతే తలుపులు తెరిచి ఉంటాయి, అసలు సంగతి తెలియదు. అందుకని అర్ధరాత్రి దాటాక, అందరూ నిద్రలో ఉన్న వేళ తలుపు తట్టి, లోపలి గాలిని సీసాల్లో పట్టుకుని వచ్చేవారు. నిద్ర చెడగొట్టిన డాక్టర్లను ఆ కూలీలు ఎంత తిట్టుకున్నారో మనం ఊహించుకోవలసిందే! పట్టణంలోని బడుల్లో కూడా ఇలాగే గాలి పట్టారు. ఒకే గది ఇళ్లల్లో కార్బన్ డై ఆక్సైడ్, సూక్ష్మజీవులు ఎక్కువ. ఆ ఇళ్లల్లో మరణాలూ ఎక్కువే. యంత్రాలతో గాలి తోలే ఏర్పాటున్న బడుల్లో గాలి ఎంతో మెరుగు. ఈ ఫలితాలు 1887లో అచ్చయ్యాయి.

చలికాలంలో మన డార్మిటరీలో కిటికీలన్నీ మూసి, సందుల్లో పాత చొక్కాలు కుక్కి ముప్పై నలభై మంది పడుకున్న రాత్రి తెల్లవారుజామున తల ఎందుకు బరువుగా ఉంటుందో తెలిసినవారికి డండీ లెక్కలు వేరే చెప్పనక్కర్లేదు. దోమల బాధ నిజమే. దానికి దోమతెర కట్టుకుందాం, కిటికీ ఒకటైనా తీసి ఉంచుదాం.

1887లో హాల్డేన్ మేనమామ దగ్గరికి ఆక్స్‌ఫర్డ్‌కు మారాడు. ఇరుకు గదిలో గాలి చెడిపోతుందంటే అర్థం ఏమిటన్నది అప్పట్లో పెద్ద తగాదా. మనిషి వదిలే ఊపిరిలో కంటికి కనిపించని ఏదో సేంద్రియ విషం ఉంటుందని పారిస్‌కు చెందిన కొందరు పెద్దలు వాదించేవారు. హాల్డేన్, లోరెయిన్ స్మిత్ అనే సహచరుడు గాలి చొరబడని చిన్న పెట్టెలాంటి గది చేయించి తామే అందులో కూర్చున్నారు. తాము వదిలిన గాలినే తాము మళ్లీ మళ్లీ పీల్చారు. గంటలు గడిచేకొద్దీ రొప్పు పెరిగింది, తలనొప్పి పట్టుకుంది. ఇంకోసారి కూర్చున్నప్పుడు, ఊరిపోతున్న కార్బన్ డై ఆక్సైడ్‌ను ఒక రసాయనంతో పీల్చివేసే ఏర్పాటు చేసుకున్నారు. ఈసారి రొప్పు లేదు, ఉక్కిరిబిక్కిరి లేదు. లోపల ఆక్సిజన్ మాత్రం తరిగిపోతూనే ఉంది. ఒంటికి ఆ సంగతి తెలియడం లేదు! సేంద్రియ విషం మాట అంతటితో వీగిపోయింది. దానికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి బయటపడింది. అదేమిటో తెలియాలంటే ముందు మన పాఠంలోకి ఒకసారి పోయి రావాలి.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, కార్బన్ డై ఆక్సైడ్ 0.04 శాతం. వదిలే గాలిలో ఆక్సిజన్ 16 శాతం చిల్లర, కార్బన్ డై ఆక్సైడ్ 4 శాతం. ఈ మార్పిడి జరిగే చోటు వాయుగోణులు. ద్రాక్షగుత్తుల్లాంటి ఈ బుడగలు మన రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ముప్పై కోట్లకు పైమాటే. అన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. అంటే దాదాపు ఒక బ్యాడ్మింటన్ కోర్టంత చోటు మన ఛాతీలో మడతపెట్టి ఉందన్నమాట. ప్రతి బుడగ చుట్టూ రక్తకేశనాళికల వల అల్లుకుని ఉంటుంది. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ. వాయువు ఎక్కువ ఒత్తిడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తానే పోతుంది. దీన్నే వ్యాపనం అంటాం. వాయుగోణిలో ఆక్సిజన్ ఒత్తిడి పాదరసం కొలతలో 100 మిల్లీమీటర్ల పైచిలుకు, అక్కడికి వచ్చే చెడు రక్తంలో 40. కనుక ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది. కార్బన్ డై ఆక్సైడ్ ఒత్తిడి రక్తంలో 45, వాయుగోణిలో 40. తేడా ఐదే అయినా ఆ వాయువు చురుకైనది, చకచకా బయటికి వచ్చేస్తుంది. ఒక ఎర్ర రక్తకణం ఆ నాళికలో ఉండేది ముప్పావు సెకను మాత్రమే. ఆ కాస్త సమయంలోనే పని మొత్తం ముగుస్తుంది.

ఆక్సిజన్ నీళ్లలో అంతగా కరగదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఉత్తినే కరిగి ఉండేది 0.3 మిల్లీలీటరు మాత్రమే. అదే రక్తంలో హీమోగ్లోబిన్ పట్టుకుని మోసేది 20 మిల్లీలీటర్లు. ఈ కూలీ లేకపోతే మన ఒళ్లు ఒక్క నిమిషం నడవదు. కార్బన్ డై ఆక్సైడ్ తిరుగు ప్రయాణం మూడు దారుల్లో సాగుతుంది. సుమారు 70 శాతం బైకార్బనేట్‌గా మారి వస్తుంది, 20 శాతం పైచిలుకు హీమోగ్లోబిన్‌కు అంటుకుని వస్తుంది, మిగిలిన కొద్దిపాటి కరిగి వస్తుంది. ఈ లెక్కలన్నీ తేలాలంటే చుక్క రక్తంలో ఎంత వాయువు ఉందో కొలవడం రావాలి. దానికి తేలికైన పద్ధతిని, హీమోగ్లోబిన్ కొలిచే చిన్న పరికరాన్ని, గాలిని విశ్లేషించే గాజు పరికరాన్ని తయారుచేసినవాడు హాల్డేనే. ఇంట్లోనే ప్రయోగశాల పెట్టుకున్నాడు. కొడుకు జాక్ పసివాడిగా ఉన్నప్పటి నుంచే తండ్రికి రక్తం ఇచ్చేవాడు!

ఇప్పుడు ఆ ముఖ్యమైన సంగతి. 1905లో హాల్డేన్, జాన్ గిలీస్ ప్రీస్ట్లీ కలిసి ఒక ప్రసిద్ధ పత్రం ప్రచురించారు. (ఆక్సిజన్ కనిపెట్టిన జోసెఫ్ ప్రీస్ట్లీ వేరు, ఆయన అంతకు వందేళ్ల ముందే పోయాడు. క్విజ్ పోటీల్లో ఇక్కడ పొరబడుతుంటారు.) పొడవైన గొట్టంలోకి గట్టిగా ఊపిరి వదిలి, చివరన వచ్చే గాలిని పట్టుకుంటే అది వాయుగోణుల్లోంచి వచ్చిన గాలి. అలా పట్టి చూస్తే, కొండ మీద ఉన్నా గనిలో ఉన్నా వాయుగోణుల్లో కార్బన్ డై ఆక్సైడ్ ఒత్తిడి దాదాపు మారడం లేదు. అది శాతంలో ఐదో వంతు పెరిగితే చాలు, శ్వాస రెట్టింపవుతోంది. అంటే మనల్ని ఊపిరి పీల్చమని తొందరపెట్టేది కార్బన్ డై ఆక్సైడ్. ఆక్సిజన్ కొరత ఆ పని చేసేది బాగా ఆలస్యంగా. మెదడులోని మజ్జాముఖం ఈ వాయువునే కాపలా కాస్తుంది. ఊపిరి బిగబట్టినప్పుడు ఛాతీ పగిలిపోతున్నట్టు అనిపించేది లోపల పెరిగిన కార్బన్ డై ఆక్సైడ్ వల్లనే.

ఈ ఒక్క విషయంలో ఎన్ని ప్రాణాలు దాగున్నాయో చూడండి. కార్బన్ డై ఆక్సైడ్ పెరగకుండా ఆక్సిజన్ ఒక్కటే తగ్గిపోతే మన ఒంట్లో గంట మోగదు. మనిషి రొప్పడు, అరవడు, భయపడడు. కాళ్లు తేలిపోతాయి, కూలిపోతాడు.

ఇంతకు పదేళ్ల ముందు నుంచే హాల్డేన్ గనుల్లోకి దిగుతున్నాడు. బొగ్గు గనిలో పేలుడు జరిగితే మంటకు, దెబ్బకు చనిపోయారని అప్పటిదాకా అనుకునేవారు. 1896 జనవరిలో వేల్స్ ప్రాంతంలోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది చనిపోయారు. హాల్డేన్ వెళ్లి శవాలను ఒక్కొక్కటిగా చూశాడు. చాలామంది ఒంటిమీద గాయాలు లేవు. ముఖాలు మాత్రం బతికున్నవారిలాగా గులాబీ రంగులో ఉన్నాయి. పేలుడు తర్వాత సొరంగాల్లో పరుచుకున్న కార్బన్ మోనాక్సైడే వారిని చంపిందని ఆయన నిర్ధారించాడు. హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద ఉన్న ప్రీతి కన్నా ఈ వాయువు మీద రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ. గాలిలో వెయ్యో వంతు ఉన్నా చాలు, నెమ్మదిగా సగం హీమోగ్లోబిన్ దాని చేతిలోకి పోతుంది. రంగు లేదు, వాసన లేదు. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది, ఊపిరితిత్తులు ఆడుతూనే ఉంటాయి, మోసే కూలీ మాత్రం చేతులు ఖాళీ లేక నిలబడిపోతాడు.

ఈ సంగతి ఆయనకు శవాల ద్వారా మాత్రమే తెలిసింది కాదు. అంతకు ముందు ఏడాదే ప్రయోగశాలలో కూర్చుని తానే కార్బన్ మోనాక్సైడ్ పీల్చాడు. చూపు మసకబారడం, నడక తడబడటం, రాత వంకర్లు పోవడం, అన్నీ రాసుకుంటూ, మధ్య మధ్య తన వేలి రక్తం తీసి పరీక్షించుకుంటూ, హీమోగ్లోబిన్ సగానికి పైగా విషవాయువుతో నిండేదాకా ఆగలేదు. చదువుతుంటే మనకే వణుకు పుడుతుంది. అప్పుడే ఎలుకల మీద ఇంకో చిత్రమైన ప్రయోగం చేశాడు. మామూలు గాలి కన్నా రెట్టింపు ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే, హీమోగ్లోబిన్ మొత్తం కార్బన్ మోనాక్సైడ్ పాలైనా ఎలుకలు బతికాయి. ఒత్తిడి వల్ల రక్తద్రవంలో కరిగిన ఆక్సిజనే వాటికి సరిపోయింది. ఇవాళ పొగ మింగి ఆస్పత్రికి వచ్చినవారికి ఆక్సిజన్ పెట్టడం వెనుక ఉన్న ఆలోచన ఇదే.

చిన్న ప్రాణులు త్వరత్వరగా శ్వాసిస్తాయి, కాబట్టి మనిషి కన్నా చాలా ముందే ఆ విషానికి లొంగుతాయి. గనిలోకి దిగే రక్షక దళం వెంట ఎలుకనో చిన్న పిట్టనో తీసుకుపోవాలని హాల్డేన్ సలహా ఇచ్చాడు. అలా వచ్చిందే పసుపు రంగు కానరీ పిట్ట. పిట్ట కొమ్మ మీది నుంచి పడిందంటే మనుషులు వెనక్కి తిరగాలి. కొన్ని పంజరాలకు చిన్న ఆక్సిజన్ సిలిండర్ కూడా బిగించేవారు, పడిపోయిన పిట్టను తేర్చుకునేందుకు. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఈ పిట్టలు కొలువు చేశాయి. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాయి. సింగరేణి ప్రాంతపు తమ్ముళ్లకు బాయిలో గ్యాస్ పరీక్ష అంటే ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లే చెప్పగలరు.

గని గాలి పాఠం ఆయన కొడుక్కి కూడా గనిలోనే చెప్పాడు. చిన్నవాడైన జాక్‌ను స్టాఫర్డ్‌షైర్‌లోని ఒక గనిలోకి తీసుకుపోయి, కప్పుకు దగ్గరగా నిలబెట్టి, షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నాడు. కాసేపటికే పిల్లవాడికి ఆయాసం వచ్చి, కాళ్లు మడతపడి కింద కూలబడ్డాడు. కింద గాలి బాగానే ఉంది, తేరుకున్నాడు. మీథేన్ వాయువు గాలి కన్నా తేలిక కనుక కప్పు కింద చేరుతుందని ఆ పిల్లవాడు జీవితంలో మరిచిపోలేదు. ఈ కాలంలో ఏ తండ్రీ చేయకూడని పని అనే నా అభిప్రాయం. ఆ తండ్రి దృష్టిలో మాత్రం తాను భరించగలిగింది కొడుకూ భరించగలడు.

ఇక మురుగు కాలువల సంగతి. 1895లో లండన్ తూర్పు శివారు ఈస్ట్ హామ్‌లో ఒక కార్మికుడు మురుగు కాలువ గుంతలోకి దిగి పడిపోయాడు. అతన్ని పైకి తేవాలని ఇంకొకడు దిగాడు, అతని కోసం మరొకడు. మొత్తం ఐదుగురు పోయారు. విచారణకు హాల్డేన్‌ను పిలిచారు. చంపింది హైడ్రోజన్ సల్ఫైడ్ అని ఆయన తేల్చాడు. కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే ఈ వాయువు ఆక్సిజన్‌ను కణాలు వాడుకోనివ్వదు. రక్తం దాకా ఆక్సిజన్ వచ్చినా చివరి గడపలో పని ఆగిపోతుంది. ఇంకో మోసం కూడా ఉంది. మోతాదు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా, గాలి మంచిదయింది అనుకుని దిగినవాడు తిరిగి రాడు.

ఈస్ట్ హామ్ పేరు తీసేసి మన ఏ నగరం పేరు పెట్టినా ఈ వార్త మనం పేపర్లో చదివినదే. దిగినవారు ఎవరి పిల్లలో, ఏ వాడల నుంచి వచ్చినవారో కూడా మనకు తెలుసు. మన దేశంలో మనుషుల్ని రక్షణ సాధనాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు గుంతలో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. సాంఘిక సంక్షేమ హాస్టళ్లతో పేరు ముడిపడిపోయిన ఎస్.ఆర్. శంకరన్ గారు ఉద్యోగ విరమణ తర్వాత బెజవాడ విల్సన్ గారితో కలిసి ఈ సఫాయి కార్మికుల ఉద్యమంలోనే నడిచారన్నది మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవలసిన విషయం.

పల్లెల్లో పాత బావిలో దిగే ముందు దీపమో లాంతరో దించి చూసే అలవాటు ఉంది. అది మంచి అలవాటే. గాలిలో ఆక్సిజన్ 17 శాతానికి దిగేసరికి దీపం ఆరిపోతుందని, మనిషికి ఆ సరికి ఇంకా ప్రమాదం రాదని గనుల్లో పరీక్షించినవాడు కూడా హాల్డేనే. అంటే దీపం మనకన్నా ముందే చెబుతుంది. కానీ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం ఆరదు, మీథేన్ ఉంటే ఏకంగా అంటుకుంటుంది. కాబట్టి మురుగు గుంతకు దీపం పరీక్ష పనికిరాదు. ఎవరైనా లోపల పడిపోతే వెంటనే దూకడం మనిషి సహజ గుణం, ఆ గుణమే రెండో ప్రాణం తీస్తుంది. పైనుంచి తాడు, గాలి తోలే యంత్రం, అగ్నిమాపక దళానికి 101 ఫోన్. ఈ మూడూ లేకుండా మన అన్నదమ్ముల్ని ఎవర్నీ దిగనివ్వకండి.

హాల్డేన్ జీవితంలో మన హాస్టల్ ఆడపిల్లలకు పనికొచ్చే ఘట్టం ఇంకొకటి ఉంది. 1902లో కార్న్‌వాల్ ప్రాంతంలోని డోల్కోత్ అనే తగరపు గనిలో కార్మికులు పాలిపోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారని ఆయన్ను పిలిచారు. గాలిలో దోషం ఉంటుందని అందరూ అనుకున్నారు. రక్తం పరీక్షిస్తే హీమోగ్లోబిన్ బాగా తక్కువ. కారణం పేగుల్లో చేరిన కొంకిపురుగు. గనిలో మరుగుదొడ్లు లేవు, వెచ్చటి తేమ నేలలో పురుగు పిల్లలు పెరిగి చర్మం గుండా లోపలికి పోతున్నాయి. ఊపిరితిత్తులు ఎంత బాగున్నా మోసే కూలీలు తక్కువైతే ఆక్సిజన్ గమ్యం చేరదు. మనకు నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్ర ఇచ్చినప్పుడు తెలియకుండా నాలుక కింద పెట్టి ఆ తర్వాత ఉమ్మేసే చెల్లెళ్లు ఈ పేరా రెండోసారి చదవాలి.

1908లో సముద్రంలోకి దిగే డైవర్ల కోసం ఆయన పట్టికలు తయారుచేశాడు. లోతులో ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని, మనిషి గబగబా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. మేకల మీద పరీక్షించి, అంచెలంచెలుగా ఆగుతూ పైకి రావాలని చెప్పాడు. ఈనాటి డైవింగ్ పట్టికలకు మూలం అదే.

అంతటివాడికీ ఒక పట్టుదల చెడుపు చేసింది. వాయుగోణుల్లో ఆక్సిజన్ కేవలం వ్యాపనం వల్ల రక్తంలోకి పోదు, అవసరమైతే ఊపిరితిత్తి గ్రంథిలాగా దాన్ని లోపలికి స్రవిస్తుంది అని ఆయన నమ్మాడు. డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రో, ఆయన భార్య మేరీ 1910లో వ్యాపనం ఒక్కటే చాలునని చూపించారు. హాల్డేన్ ఒప్పుకోలేదు. 1911లో అమెరికాలోని పైక్స్ పీక్ అనే 14,110 అడుగుల పర్వతం మీద సహచరులతో ఐదు వారాలు కాపురం పెట్టి కొలతలు తీశాడు. ఎత్తుకు ఒళ్లు ఎలా అలవాటు పడుతుందో, హీమోగ్లోబిన్ ఎలా పెరుగుతుందో ఆ యాత్ర చక్కగా చెప్పింది. స్రావం గురించి చెప్పింది మాత్రం తప్పు. 1920లో కేంబ్రిడ్జిలో బార్‌క్రాఫ్ట్ ఆక్సిజన్ తగ్గించిన గాజు గదిలో ఆరు రోజులు ఉండి, తన ధమని రక్తం తీయించుకుని మళ్లీ వ్యాపనమే నిజమని తేల్చాడు. హాల్డేన్ చివరిదాకా తన మాటమీదే ఉన్నాడు. గొప్పవాడి పుస్తకమైనా సరే, కొలత చూడకుండా నమ్మకూడదని ఆయనే నేర్పాడు, ఆయన విషయంలోనూ లోకం అదే చేసింది.

మన ఇంటర్ పుస్తకంలో హాల్డేన్ ప్రభావం అనే మాట వస్తుంది. అది ఈయన పేరే. 1914లో క్రిస్టియన్‌సెన్ అనే డెన్మార్క్ వైద్యురాలు, డగ్లస్, హాల్డేన్ కలిసి చెప్పినది ఇది: ఆక్సిజన్ దింపేసిన హీమోగ్లోబిన్ ఉన్న రక్తం కార్బన్ డై ఆక్సైడ్‌ను ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కగానే దాన్ని వదిలేస్తుంది. మన ఊరి లారీ అడ్డాలో చూస్తే అర్థమవుతుంది. బస్తాలు దించిన లారీయే తిరుగు లోడు ఎక్కించుకుంటుంది, కొత్త బస్తాలు వచ్చేసరికి పాత లోడు దించక తప్పదు.

1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సేనలు పచ్చటి వాయువు వదిలాయి. కొద్ది రోజుల్లోనే హాల్డేన్‌ను ప్రభుత్వం అక్కడికి పంపింది. సైనికుల్ని చూసి అది క్లోరిన్ అని చెప్పి, ఆ తర్వాత గాజు గదిలో తానూ, సహచరులూ, అప్పటికి సైన్యంలో ఉన్న కొడుకు జాక్ క్లోరిన్ పీలుస్తూ ముసుగులు పరీక్షించారు. వాయువు దెబ్బకు వాయుగోణులు నీరు పట్టిన సైనికులకు ఆక్సిజన్ అందక పెదవులు నీలంగా మారుతున్నాయి. అప్పటిదాకా డాక్టర్లు ఆక్సిజన్‌ను గరాటుతో ముఖం దగ్గర కాసేపు ఊది మానేసేవారు. దాన్ని కొలత ప్రకారం, ఆగకుండా, సరైన ముసుగుతో ఇవ్వాలని 1917లో హాల్డేన్ రాశాడు, దానికి పరికరం కూడా చేశాడు. 2021 వేసవిలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం మన ఊళ్లలో జరిగిన పరుగులు ఎవరూ మరిచిపోలేదు కదా. అప్పుడు కొందరు రోగులు మామూలుగా మాట్లాడుతూనే ఉండేవారు, వేలికి పెట్టిన ఆక్సీమీటరు మాత్రం 80 చూపించేది. ఆయాసం లేకుండా ఆక్సిజన్ పడిపోవడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ఆ పెట్టె ప్రయోగం 1892లోనే చాలావరకు జవాబు చెప్పింది.

1934లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. డెబ్బై దాటినా తిరగడం మానలేదు. పర్షియా చమురు శుద్ధి కర్మాగారాల్లో వడదెబ్బ తగులుతున్న కార్మికులను చూసేందుకు వెళ్లి, తిరిగి వచ్చిన కొద్దికాలానికే 1936 మార్చిలో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. కూతురు నయోమీ మిచిసన్ పేరున్న రచయిత్రి అయింది.

కొడుకు జాక్ ఎవరో కాదు, జన్యుశాస్త్రంలో మనం చదివే జె.బి.ఎస్. హాల్డేన్. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, తండ్రి లాగానే ఆయనా ఉక్కు గదిలో కూర్చుని కార్బన్ డై ఆక్సైడ్ పీల్చి కారణం వెతికాడు. 1957లో మన దేశానికి వచ్చి కలకత్తాలో పనిచేశాడు, 1961లో భారత పౌరుడయ్యాడు, తర్వాత భువనేశ్వర్‌లో స్థిరపడ్డాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుల్లో ఒకరు. 1964 డిసెంబర్ 1న జె.బి.ఎస్. చనిపోయినప్పుడు, ముందే రాసిపెట్టిన కోరిక ప్రకారం ఆయన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.